గుంపు కొట్టలేదు

మా మైదానంలో ఎవరికి దెబ్బ తగిలినా కొట్టింది గుంపే. కార్ఖానాలో చేరిన కొత్తల్లోంచీ వింటున్నాను ఈ మాట. హిందీవాళ్ళు "పబ్లిక్ నే మారా" అంటారు, మావాళ్ళు "జనం కొట్టేసినారు" అంటారు. గుంపుకి పేరుండదు, ఇల్లుండదు, తల్లి ఉండదు. అందుకని ఏమయ్యా ఇలా చేశావని అడగడానికి ఎవరి గుమ్మమూ ఎక్కనక్కర్లేదు. ఎంత మంచి ఏర్పాటో!

నా కుర్రతనంలో ఇదే మైదానంలో ఫుట్‌బాల్ ఆటలో గీత పక్కన జెండా ఎత్తే ఆయన్ని కొట్టారు. మోచెయ్యి విరిగింది. ఎవరు కొట్టారంటే జనం అన్నారు. ఆయన ఆ చేత్తో మళ్ళీ జెండా ఎత్తలేదు, ఊరొదిలి పోయాడు. కొట్టిన జనం మాత్రం మర్నాడు షిఫ్టుకి సైకిళ్ళ మీద నవ్వుకుంటూ వచ్చారు. అందరూ మర్చిపోయారు, నేను మర్చిపోలేదు.

నేను బడికి పోయింది తక్కువ. గోల్‌మురి రేకుల కార్ఖానాలో చేరేనాటికి సంతకం పెట్టడం వచ్చు, అంతే. తర్వాత చదివిందంతా షిఫ్టుల మధ్య, పొట్లాలు కట్టిన కాగితాల్లో, ఎవరో పారేసిన పుస్తకాల్లో. ఒకసారి ఫుట్‌బాల్ నియమాల పుస్తకం హిందీలో దొరికితే అదీ వదల్లేదు. అందులో ఆటగాడు ఏం చెయ్యకూడదో ఉంది, రెఫరీ ఏం చెయ్యాలో ఉంది. సున్నపు గీత అవతల నిలబడి అరిచేవాడి గురించి నాకు ఒక్క ముక్క కనబడలేదు. ఇది సగం పుస్తకమే అనుకుని మూసేశాను.

చలికాలం వస్తే మావైపు ఖస్సీ టోర్నమెంట్లు మొదలవుతాయి. ఖస్సీ అంటే విత్తు కొట్టి పెంచిన మేకపోతు. గెలిచిన జట్టుకి అదే బహుమతి. ఫైనల్ రోజున దాని మెడలో బంతిపూల దండ వేసి గోల్‌పోస్టు వెనక కట్టేస్తారు. గెలిచినవాళ్ళు దాన్ని భుజాలకెత్తుకుని డప్పులతో బస్తీకి పోతారు. ఆ సాయంత్రానికి కూర అయిపోతుంది. కప్పులూ షీల్డులూ అద్దాల బీరువాలో ఉంటాయి గానీ, ఈ గెలుపు మాత్రం బస్తీ మొత్తం కడుపులోకి పోతుంది. అందుకే దీనికోసం అంత కొట్టుకు చస్తారు.

నేను చెప్పబోయే ఏడాది ఫైనల్ మా తెలుగు బస్తీకీ, సోనారి వైపు జట్టుకీ పడింది. మా కెప్టెన్ నా మేనల్లుడు. నా చెల్లెలు చిన్నప్పుడే భర్తను పోగొట్టుకుంటే, వాడు మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య పెరిగాడు. చెడ్డవాడు కాదు. రోజూ తెల్లారి బస్తీ పిల్లలకి ఊరికే ఆట నేర్పేవాడు. ఏదో స్కూల్లో కోచ్ పని దాదాపు ఖాయమైంది కూడా. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

రెఫరీ నాతో కార్ఖానాలో పనిచేసిన ఆదివాసీ పెద్దమనిషి. నాకంటే చిన్నవాడే అయినా అందరిలాగే నేనూ ఆయన్ని దాదా అంటాను. రిటైరయ్యాక కూడా ఈల వదల్లేదు.

ఆట చివర్లో మావాళ్ళు గోల్ కొట్టారు. జెండా లేచింది, దాదా గోల్ లేదన్నాడు. నేను గీత పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాను. అది ఆఫ్‌సైడే. మా వెనక నుంచి "బిక్ గయా! అమ్ముడుపోనాడు!" అని కేకలు లేచాయి. ఆయన కులం ఎత్తి తిట్టారు. నా మేనల్లుడు పరిగెత్తుకుంటూ వెళ్ళి దాదా ఛాతీకి ఛాతీ ఆనించాడు. ఏదో అరిచాడు. తల వెనక్కి తీసి ఆ తలతోనే ఆయన మొహం మీద గుద్దాడు. దాదా కూలిపోయాడు. అప్పుడు గీత దాటి జనం దూకారు. కొందరు చెప్పుల కాళ్ళతో తన్నారు. ఒకడు మూల జెండా కర్ర పీకి తెచ్చాడు. తన్నినవాళ్ళకంటే గీత మీద నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళు ఎక్కువ. నేను చేతికర్ర ఊపుకుంటూ లోపలికి చేరేసరికి దాదా నోట్లోంచి రక్తం కారుతోంది, ఈల ఇంకా వేళ్ళ మధ్యే ఉంది.

టోర్నమెంటు కమిటీ వాళ్ళే ఆయన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పరిగెత్తుతూ బోర్లా పడ్డాడని డాక్టరుకి చెప్పారు. దవడ విరిగింది. పళ్ళను తీగతో కట్టేశారు. కొన్ని వారాలు నోరు తెరవడానికి లేదు, గొట్టంతో తాగడమే. మైదానంలో అందరి చేతిలో ఫోనుంది కదా, వీడియో ఏదని అడిగాను. గోల్ ఉంది, గోలయ్యాక మావాళ్ళ గంతులున్నాయి, ఆ తర్వాతది ఎవరి దగ్గరా లేదు. అందరి బ్యాటరీలూ ఒక్కసారే అయిపోయాయట!

అగ్రికోలో కొడుకు క్వార్టర్లో ఉన్న దాదాని చూడటానికి వెళ్ళాను. ఆయన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. దవడ చుట్టూ కట్టు. ఆయన భార్య నాకు టీ ఇచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది:

"భయ్యా, వచ్చినవాళ్ళంతా పడ్డాడనే అంటున్నారు. ఈయన కాదు కాదని తల ఊపుతున్నాడు. ఎవరో కొట్టారని నాకు తెలుసు. ఎవరు? రేపు ఈయన నోరు విప్పేనాటికి ఇది ముగిసిపోయిన మాట అయిపోతుంది. అప్పుడు ఎవరు వింటారు?"

దాదా చెయ్యెత్తి వేలితో నన్ను చూపించాడు. కోపంగా కాదు. నువ్వు చూశావు కదా అన్నట్టు. ఆయన నోరు కట్టేసి ఉంది, నా నోరు కట్టేసి లేదు. ఇంక దాటవెయ్యడానికి ఏముంది?

మా బస్తీలో ఒక ఆచారం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మా నాన్నల తరం తెచ్చుకున్నదే. కుళాయి దగ్గరో, మురిక్కాలవ దగ్గరో తగువొస్తే రెండు ఇళ్ళవాళ్ళనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి మాంసం కూర పెడతారు. బస్తీలో వయసులో పెద్దవాడు మొదటి ముద్ద కలిపి "ఇంతటితో సరి" అంటాడు. ఆ అన్నం తిన్నవాడు మళ్ళీ ఆ తగువు ఎత్తకూడదు, పోలీసు గుమ్మం ఎక్కకూడదు. కుళాయి తగువులకి ఇది మంచి మందే. కాదనను. ఇప్పుడు మా బస్తీలో వయసులో పెద్దవాణ్ణి నేనే.

కమిటీ సెక్రటరీ ఒకరోజు పొద్దున్నే వచ్చి నా అరుగు మీద కూర్చున్నాడు.

"తాతా, ఆదివారం ఖస్సీని కోసేత్తన్నాం. రెండు టీములూ ఒకే పంక్తి. దాదాకి శాలువా కప్పుతాం. మొదటి ముద్ద నువ్వు కలపాల."

"ఎవులు గెలిచినారని కోత్తన్నారు?"

"ఎవులూ గెలవలేదు గదా. అందుకే అందరం తిందామని."

"దాదా పళ్ళు కట్టీసున్నాయి. ఆయనేటి తింతాడు?"

సెక్రటరీ బుర్ర గోక్కున్నాడు. "సూపు కాసి ఇత్తాం తాతా. గొట్టంతో తాగుతాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దవడ విరగ్గొట్టి, ఆ పందెం మేకనే కోసి, దాని ఎముకల నీళ్ళు ఆయనకి గొట్టంతో తాగించి, ఇంతటితో సరి అనిపిస్తారట నాచేత!

"వత్తాను," అన్నాను. వాడు సంబరపడి వెళ్ళాడు.

ఆ సాయంత్రం నా చెల్లెలు వచ్చింది. గుమ్మంలోనే మొదలెట్టింది.

"అన్నియ్యా, నువ్వు అగ్రికో ఎల్లి ఆళ్ళింట్లో టీ తాగొచ్చినావంట. ఏటి నీ ఉద్దేశం?"

"సూసింది సెప్తాను."

"ఆడికి నోటికాడికొచ్చిన ఉద్యోగం. నీ మేనల్లుడు కాడేటి? నీ బుజాల మీద పెరిగినోడు కాడేటి?"

"అందుకేనే. పరాయోడి మీదైతే ఎవుడైనా సెప్తాడు. మనోడు సేసింది మనమే సెప్పాల."

"అంతమంది తన్నినారు గదా! నా కొడుకొక్కడే కనబడినాడా నీకు?"

"మొదట కొట్టినోడు ఆడే. ఆడు కొట్టకపోతే మిగతావోళ్ళు గీత దాటీవోళ్ళు కాదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. రాత్రికి పంపుతానన్న చేపల పులుసు రాలేదు.

ఆదివారం మైదానంలోనే షామియానా వేశారు. సాల్ చెట్టు ఆకుల విస్తళ్ళు పరిచారు. సోనారి జట్టు కుర్రాళ్ళు ఒక పక్క, మావాళ్ళు ఒక పక్క. దాదా రాలేదు, ఆయన భార్య వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, గుంజ పట్టుకుని నిలబడింది. సెక్రటరీ నా విస్తట్లో అన్నం పెట్టి, తలకాయ కూర వేశాడు. అందరూ నా చేతివైపే చూస్తున్నారు.

నేను చెయ్యి కడుక్కోలేదు. లేచి నిలబడ్డాను.

"దాదా పడలేదు," అన్నాను, సోనారి వాళ్ళకీ ఆమెకీ అర్థం కావాలని హిందీలో. "దాదాని గుంపు కూడా కొట్టలేదు. మొదటి దెబ్బ నా మేనల్లుడు కొట్టాడు. నేను గీత మీద కూర్చుని చూశాను. వాడు లేచి ఆ మాట వాడి నోటితో అంటే, అప్పుడు ముద్ద సంగతి మాట్లాడదాం."

ఒక్కసారి గోల లేచింది. "ముసిలోడికి సూపానదు!" అన్నాడు కిరాణా కొట్టాయన. "గీత కాడ మేమందరం లేమేటి? మేమేటీ సూడలేదే!"

"సూసినారు. సప్పట్లు గూడా కొట్టినారు. నీ చేతి ఉంగరం మెరవడం గూడా సూసినాను నేను."

మేనల్లుడు లేచాడు. మొహం కందగడ్డలా ఉంది. వాడికి కోపమొస్తే హిందీయే వస్తుంది. "మామా, ఘర్ కీ బాత్ ఘర్ మేఁ రఖో!" ఇంటి సంగతి ఇంట్లోనే ఉంచాలట.

"ఇది ఇల్లేటిరా? నువ్వు ఇంట్లో కొట్టినావేటి? మైదానంలో కొట్టినావు, మైదానంలోనే సెప్పు."

"సబ్ నే మారా! ఖాలీ మేరా నామ్ క్యోఁ?" అందరూ కొడితే తన పేరొక్కటే ఎందుకట.

"అందరి పేర్లూ అడుగుదాం. ముందు నీది సెప్పు."

వాడు విస్తరిని కాలితో తన్ని వెళ్ళిపోయాడు. అన్నం మెతుకులు దాదా భార్య కాళ్ళ దాకా చెదిరాయి. ఆమె కదల్లేదు. ఎవరో ఇంకో ముసలాయన, పాపం, గొడవ సర్దుబాటవుతుందని నా బదులు చెయ్యి కడుక్కుని ముద్ద కలిపాడు. పిల్లలు తిన్నారు, వాళ్ళది తప్పు లేదు. పెద్దవాళ్ళూ చాలామంది తిన్నారు. నాకు మేకమాంసం ఇష్టం, ఆ వాసనకి నోరూరిందని ఒప్పుకుంటాను. ఆకలితోనే దాదా భార్యతో కలిసి ఆటో ఎక్కి పోలీసు థానాకి వెళ్ళాను.

అక్కడి అధికారి నా వయసు చూసి కుర్చీ వేయించాడు. అంతా విని, "బాబా, సొంత మేనల్లుడంటున్నారు. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి," అన్నాడు.

"ఆలోచించుకునే వచ్చాను. ఇంటికెళ్తే మళ్ళీ ఆలోచించమనేవాళ్ళే ఉన్నారు. ఇక్కడే రాసుకోండి."

ఇక్కడ నేను ఎవరి పేరూ రాయడం లేదు. అక్కడ చెప్పాను. నా కళ్ళతో చూసినవాళ్ళవే చెప్పాను, మేనల్లుడిది, జెండా కర్ర పీకినవాడిది. చూడనివాళ్ళవి చెప్పలేదు. చప్పట్లకి ఏ సెక్షనూ లేదని అధికారి అన్నాడు. ఉండాలి అన్నాను.

మేనల్లుణ్ణి పిలిచి అడిగితే మొదట కాదన్నాడు. తర్వాత, కట్టుతోనే దాదాని తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెడితే, అవునన్నాడు. కేసు ఇంకా నడుస్తోంది. కమిటీ వాడికి ఆట నిషేధించక తప్పలేదు. కోచ్ ఉద్యోగం పోయింది. నా చెల్లెలు నా గుమ్మం ముందునుంచే పోతుంది, ఇటు చూడదు. అది నాకు నొప్పే. నొప్పి ఉందని మాట వెనక్కి తీసుకోను. బస్తీలో నన్ను ముఖ్‌బిర్ అంటున్నారు, పోలీసులకి వార్తలు మోసేవాడని. అననీ. నేను మోసింది దాదా నోట్లో ఇరుక్కుపోయిన మాట.

పోయిన చలికాలం మళ్ళీ టోర్నమెంటు పెట్టారు. సెక్రటరీ వచ్చి, "తాతా, ఈపాలి ఇంటికాడే ఉండు. నువ్వొత్తే కుర్రోళ్ళు సిరాకు పడతన్నారు," అన్నాడు. పడమన్నాను. వెళ్ళి గీత పక్కన కూర్చున్నాను. దాదాయే రెఫరీ. దవడ కొంచెం పక్కకి ఒరిగింది, ఈల ఊదినప్పుడల్లా ఒక కన్ను మూసుకుంటున్నాడు. మా వెనక వరసల్లో, చివర, నా మేనల్లుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆడటానికి లేదు, చూడ్డానికి వచ్చాడు.

రెండో సగంలో దాదా మావాళ్ళ మీద ఫౌల్ ఇచ్చాడు. నా వెనక నుంచి ఎవడో అరిచాడు: "ఏటి దాదా, రెండో పక్క దవడ గూడా కట్టించుకుంతావేటి?"

నలుగురైదుగురు పగలబడి నవ్వారు. మేనల్లుడు నవ్వలేదు. అది చూశాను. అయినా వాడు ఏమీ అనలేదు, అదీ చూశాను.

నేను లేచి మైదానానికి వీపు పెట్టి మావాళ్ళకేసి తిరిగాను.

"ఎవుడ్రా అది? లేచి నిలబడి ఇంకోపాలి అను. మొహం సూత్తాను."

ఎవరూ లేవలేదు.

"కూకో తాతా, ఆట కనబడట్లేదు!"

"అన్నోడు లేచేదాకా నాకు గూడా ఆట లేదు."

కాళ్ళు లాగాయి. ఎవరో స్టూలు ముందుకు జరిపారు, కూర్చోలేదు. వెనకనుంచి దాదా ఈల వినబడుతూనే ఉంది. ఆట అయ్యేదాకా అలాగే వరసవరసనా ఒక్కొక్క మొహమే చూస్తూ నిలబడ్డాను. కొందరు తల దించుకున్నారు, కొందరు నన్నే గుడ్లురిమి చూశారు, ఒకరిద్దరు లేచి వేరే పక్కకి పోయారు. ఆ రోజు ఖస్సీని ఏ జట్టు ఎత్తుకుపోయిందో ఇప్పటికీ నేను అడగలేదు.