పక్క చేను పైరు

ఊళ్లో అందరూ ఆయన్ని కొలతలాయన అనేవాళ్లు. సర్కారు సాగు సాయం రైతు చేతికి అందాలంటే ముందు ఆయన చేలోకి దిగి, పైరుందని ఫోటో తీసి పంపాలి. ఉంటే ఉందనేవాడు, లేకుంటే లేదనేవాడు. మొహమాటానికి లొంగే రకం కాదని పేరు.

ఆ ఏడు ఆయన బావ కాలు విరిగి మంచాన పడ్డాడు. చేను దున్నలేదు. అక్క పిలిపించి, "నిన్ను చదివించింది మీ బావే కదరా. ఒక్క ఫోటోకి నీ సొమ్మేం పోతుంది?" అంది.

మర్నాడు ఆయన బావ చేను పక్కనున్న పెద్దమ్మ చేలోకి దిగాడు. వరసకు ఏమీ కాకపోయినా ఊరంతటికీ ఆమె పెద్దమ్మే. మొగుడు పోయాక ఒంటి చేత్తో సేద్యం చేసుకుంటోంది. నిలువెత్తు మొక్కజొన్నను ఫోటో తీసి, అదే బావ చేనని రాసేశాడు. ఇక పెద్దమ్మదని రాయడానికి బావ బీడే మిగిలింది; అలాగే రాశాడు. తర్వాత ఎలాగో సర్దుదాంలే అనుకున్నాడు గానీ సర్దలేదు.

కోతలయ్యాక పెద్దమ్మ ఆఫీసుకొచ్చింది. "నా చేను బీడంట బాబూ. మరి మొన్న నేను కోసుకొచ్చిందేమిటి, గాలా?"

గుమాస్తాలు నవ్వారు. కొలతలాయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆమె వెళ్లిపోయాక లేచి ఆఫీసరు దగ్గరికెళ్లాడు.

"ఆ రెండు చేలూ తారుమారయ్యాయండి."

"పొరపాటా, కావాలనా?"

"పొరపాటేనండి" అన్నాడు.

బావ తీసుకున్న సాయం సొమ్ము తిరిగి కట్టాడు. అక్క రాకపోకలు మానేసింది. పెద్దమ్మకు సాయం అందింది. ఆ సాయంత్రమే ఆమె వచ్చి, "మీ ఆయన పూనుకోకపోతే నా మొర వినే దిక్కే లేదమ్మా" అని ఆయన భార్యతో చెప్పి మురిసిపోయింది.

తెల్లారగానే ఆమె ఇంటికెళ్లాడు. పశువుల కొట్టం ఖాళీగా ఉంది.

"ఆవేది పెద్దమ్మా?"

"సాయం ఆలస్యమై, విత్తనాలకు చేతిలో ఏమీ లేక అమ్మేశాను నాయనా. కూర్చో."

ఆయన కూర్చోలేదు. "అది పొరపాటు కాదు పెద్దమ్మా. బావ కోసం తెలిసే చేశాను."

ఆమె చేతిలో చీపురు ఆగింది. "నిన్న నీ గురించి నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు వాళ్లకేం చెప్పమంటావు?"

ఆయన అటునుంచటే ఆఫీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఉద్యోగం ఊడలేదు గానీ చేల మీద తిరిగే పని తీసేసి కౌంటర్లో కూర్చోబెట్టారు. రావలసిన ప్రమోషను ఇక రాలేదు.

పెద్దమ్మ ఇప్పటికీ పంట పంటకీ ఆఫీసుకొస్తుంది. ఆయన ముందు ఎవరూ లేకపోయినా సరే, పక్క కౌంటరు వరుసలో చివర నిలబడుతుంది.