బ్లీచింగ్ నీళ్ల టబ్బు

మా ఊళ్లో కుక్కపిల్లకి జబ్బు చేస్తే జనం ముందు నా మందుల షాపు మెట్లెక్కుతారు. ఇది మనుషుల షాపు మొర్రో అని పదేళ్లుగా మొత్తుకుంటున్నాను, వినే నాథుడు లేడు. పిల్లను గోనెసంచిలో చుట్టి తెచ్చి, "సాయిరాంగారూ, పొద్దుట్నుంచి కక్కుతుందండీ, ఓ బిళ్ల ఇవ్వండి" అంటారు. నేను బిళ్ల ఇవ్వను. సుసన్నా దగ్గరికి వెళ్లమంటాను.

సుసన్నా పశువుల ఆసుపత్రిలో ఊడ్చే మనిషి. పద్దెనిమిదేళ్లుగా ఊడుస్తోంది. ఐదో తరగతి దాటలేదు గానీ, ఊడుస్తూ ఊడుస్తూ డాక్టరుగారి చేతులు చూసి నేర్చుకున్నది తక్కువేం కాదు. గోనెసంచి విప్పకముందే వాసన పట్టి, "పార్వో అండి ఇది" అంటుంది. కుక్కపిల్లల్ని చంపే అంటుజబ్బది. ఆ రక్తవిరేచనాల వాసన ఒకసారి ముక్కుకెక్కితే వదలదట.

సూది గుచ్చి సెలైన్ పెట్టేది డాక్టరుగారు. మిగతాదంతా సుసన్నాదే. వాంతులు ఆగేదాకా పాలు పట్టనివ్వదు. ప్రేమకొద్దీ గిన్నె పట్టుకొచ్చే ఆడవాళ్లని కసిరి పంపేస్తుంది. వేణ్నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పిల్ల పొట్ట పక్కన పెడుతుంది. వాంతులు ఆగాక గంజితేట, చెంచాతో, కొంచెం కొంచెంగా. పారేద్దామని తెచ్చిన పిల్లలు కూడా ఆమె చేతిలో లేచి నిలబడటం నేను కళ్లారా చూశాను.

గొడవంతా లేచి నిలబడ్డాకే మొదలయ్యేది. గంతులేస్తున్న పిల్లను మూడు వారాలపాటు ఎవరికీ ఇవ్వదు. "నయమైన కుక్కతోనే ప్రమాదమండి. దాన్ని చూసి ఎవరూ భయపడరుగా" అంటుంది. దాని పెంటలో జబ్బు ఇంకా పోతూనే ఉంటుందట. ఆ పెంట పడ్డ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుందట. అందుకని కుక్కల్ని ఉంచే చోట గుమ్మం ముందు బ్లీచింగ్ నీళ్ల టబ్బు పెట్టింది. వచ్చినవాళ్లు ఎవరైనా సరే, చెప్పులతో సహా అందులో కాళ్లు ముంచి లోపలికి రావాలి, మళ్లీ ముంచి బయటికి పోవాలి. నన్ను కూడా వదల్లేదు. కొత్త తోలు చెప్పులు తెల్లమచ్చలు పడి పాడైపోతే నెల రోజులు ఆమెను ఆడిపోసుకున్నాను.

జబ్బు కుక్కల దగ్గరికి వెళ్లేటప్పుడు ఒకే చీర కట్టేది. పసుపు చుక్కల ఆకుపచ్చ చీర. అది ఆమె చిన్ననాటి స్నేహితురాలు పున్నమ్మ క్రిస్మస్‌కి కొనిచ్చింది. "పండక్కి కడతావని ఇస్తే కుక్కల్లో కడతావేంటే?" అని పున్నమ్మ నా షాపు ముందే పోట్లాడింది. "నువ్విచ్చిన చీర కదే, రోజూ ఒంటిమీదుండాలని" అని సుసన్నా నవ్వింది. ఇద్దరూ ఒకే వాడలో పుట్టి, ఒకే బడిలో ఐదు దాకా చదివి మానేసినవాళ్లు. పున్నమ్మ, ఆమె మొగుడు యలమంద, ఇద్దరూ మా ఊరి రైతు నారాయణరావుగారి మామిడితోటలో కాపలా ఉంటారు. తోటలోని గుడిసే వాళ్లకి ఇల్లు.

ఆ తోట అంచున ఉన్న పాత పంపుషెడ్డులోనే సుసన్నా కుక్కల్ని ఉంచేది. నారాయణరావుగారు వాడుకోమని తాళం చేతికిచ్చారు. పోయిన మాఘమాసంలో ఆయన కుక్కపిల్లకే పార్వో వచ్చింది. దాని పేరు కలెక్టర్. తోటలో కలెక్టర్ రకం మామిడిచెట్ల కింద దొరికిందని ఆ పేరు. తొమ్మిది రోజులు సుసన్నా ఆ షెడ్డులోంచి ఇంటికి వెళ్లలేదు. కలెక్టర్ బతికాడు. ఆ సంతోషంలో నారాయణరావుగారు టీ కొట్టు దగ్గర పదిమంది ముందు, "ఇవాళ్టి నుంచి సుసన్నా నాకు తోబుట్టువు" అన్నారు. సుసన్నా ఆ మాట మా అందరికీ ఒక్కో సారి చొప్పున చెప్పింది. నాకైతే రెండుసార్లు.

మూడు వారాలూ అయ్యాక షెడ్డు కడిగింది. కలెక్టర్ పడుకున్న వరిగడ్డినంతా మోపు చేసింది. అప్పటికి ఆకుపచ్చ చీర చిరిగి పేలికలైంది. అందులోంచి ఒక ముక్క చించి మోపు కట్టింది, అదీ గడ్డితోపాటే బూడిదైపోతుందని. ఇంతలో బాపులపాడులో ఉన్న అక్కకి బాగా లేదని కబురొచ్చింది. బస్సెక్కబోతూ నారాయణరావుగారికి చెప్పింది.

"అయ్యగారూ, ఆ మోపు ఇవాళే తగలబెట్టించండి. అందులో జబ్బుంది."

"నువ్వెళ్లిరా సుసన్నా. నేను చూసుకుంటా" అన్నారాయన.

ఆమె తిరిగొచ్చేసరికి మోపు లేదు. కాలిందనుకుంది.

మార్చిలో యలమంద పెంచుకునే నల్లకుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. సుసన్నా చూడ్డానికి వెళ్లింది గానీ, జబ్బు కుక్కల్లో తిరిగే మనిషినని కంచె ఇవతలే నిలబడిపోయింది. లోపలికి రమ్మని పున్నమ్మ ఎంత పిలిచినా వెళ్లలేదు. "ఊళ్లోవాళ్లు మనల్ని బయట నిలబెట్టింది చాలదా, నీకు నువ్వే నిలబడతావేంటే!" అని పున్నమ్మ దెప్పింది. ఆరు వారాలు రాగానే టీకా వేయించమని కంచె మీదుగానే చెప్పి వచ్చేసింది. మామిడి కోతల హడావిడిలో ఆ టీకా వాయిదా పడింది.

ఏప్రిల్ నెలాఖరున యలమంద పరుగెత్తుకుంటూ వచ్చాడు. రెండు పిల్లలు చచ్చిపోయాయి, మూడింటికి రక్తం పోతోంది. సుసన్నా ఈసారి కంచె దాటి వెళ్లింది. పిల్లలు గుడిసె పక్కన ఉన్న కాయలు మాగబెట్టే గదిలో పడున్నాయి. నేల మీద వరిగడ్డి, దాని మీద ఇంటి వాడకానికి వరసగా పేర్చిన చిన్న రసాలు. పిల్లలు ఏడు వారాలుగా దొర్లింది ఆ గడ్డిలోనే. తలుపు గడియకి తాడు బదులు ఒక గుడ్డపేలిక కట్టి ఉంది. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు.

ఆమె దాన్ని గుర్తుపట్టింది. పిల్లల్ని ఎత్తుకుని ముందు డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తింది. సాయంత్రం నారాయణరావుగారింటికి వెళ్లి అడిగింది.

"మిషన్ కోతలొచ్చాక గడ్డి దొరకడం ఎంత గగనమైపోయిందో నీకు తెలీదా? మంచి గడ్డి, తగలబెట్టడానికి చేతులు రాలేదు. మామిడికాయలకి పార్వో వస్తదా ఏంటని గదిలో వేయించా. ఆ కుక్క అక్కడ ఈనుతుందని నేను కలగన్నానా?" అన్నారాయన. ఆ తర్వాత గొంతు తగ్గించి, "యలమందకి నువ్వు చెప్పొద్దు. కోతల మధ్యలో వాడు అలిగి పోతే నా తోట గతేంటి? నేనే నెమ్మదిగా చెప్తాలే" అన్నారు.

తోబుట్టువు అన్న మనిషి కదా, నమ్మింది. ఇదంతా ఆమె నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది.

ఈలోపు ఇంకో రెండు పిల్లలు పోయాయి. ఒక్క ఆడపిల్ల మిగిలింది. నాలుగో రోజున టీ కొట్టు దగ్గర అందరం ఉన్నాం. యలమంద, పున్నమ్మ కూడా ఉన్నారు. జబ్బు తోటలోకి ఎలా వచ్చిందని ఎవరో అడిగారు. నారాయణరావుగారు టీ గ్లాసు కింద పెట్టి నిట్టూర్చారు.

"నేనొకర్ని అనకూడదు గానీ, ఊళ్లో జబ్బు కుక్కలన్నిట్నీ ముట్టుకునేది ఎవరు? ఆ చెప్పులతోనే తోటలోకొస్తే ఏమవుద్ది? పాపం, చదువుకోని మనిషి."

సుసన్నా అప్పుడే నా షాపులో సెలైన్ బాటిల్ తీసుకుని మెట్లు దిగుతోంది. విన్నది. ఆయన వైపు చూడలేదు. పున్నమ్మ వైపు చూసింది. తాను కంచె ఇవతలే నిలబడ్డానని ఎరిగిన ఒకే ఒక్క మనిషి.

పున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వచ్చిందండి. పిల్లలు పుట్టినప్పుడే వచ్చి ఎత్తుకుని ముద్దులాడింది" అంది.

సుసన్నా బాటిల్ పట్టుకుని మిగిలిన పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది. నిజం తెలియని నేను కూడా, ఏమో, అయ్యుండొచ్చు అనుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పద్దెనిమిదేళ్లు కాళ్లు కడగనిదే ఎవరినీ గుమ్మం దాటనివ్వని మనిషి చెప్పుల మీద జబ్బు తెచ్చిందంటే నేను నమ్మాను!

మర్నాడు పంపుషెడ్డుకి కొత్త తాళం పడింది. సుసన్నా మిగిలిన ఆ ఒక్క పిల్లను తన వంటింట్లో పెట్టుకుంది. పొయ్యి వసారాలోకి మార్చింది. టబ్బు తన గుమ్మం ముందుకి తెచ్చుకుంది. కానీ కాళ్లు ముంచడానికి ఎవరూ రాలేదు. జబ్బు చేసిన పిల్లల్ని జనం కాలవగట్టున వదిలేయడం మొదలుపెట్టారు. వాటిలో నాలుగు చచ్చిపోయినట్టు నాకు తెలుసు. తనను మాట అన్న రోజుకంటే, ఆ నాలుగు పిల్లల సంగతి విన్నరోజే ఆమె ఎక్కువ ఏడ్చింది.

వంటింట్లో పిల్ల మాత్రం పదో రోజుకి గంజి తాగింది. పదిహేనో రోజుకి చెప్పు కొరికింది. ఆ తర్వాత మూడు వారాలూ గడిచాక, డాక్టరుగారు చూసి పంపొచ్చన్నాక, సుసన్నా నాతో యలమందకి ఫోన్ చేయించింది. అతను రాలేదు. పున్నమ్మ వచ్చింది. నేను ఫోన్ చేసిన మనిషిని కదా అని అక్కడే వసారాలో కూర్చున్నాను.

పున్నమ్మ టబ్బు అవతలే ఆగిపోయింది. సుసన్నా పిల్లను ఎత్తి తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. పిల్ల కొత్త చేతుల్లో గింజుకుని, మెడ తిప్పి సుసన్నా వైపే చూసింది. పున్నమ్మ భోరుమంది.

"సుసన్నా, ఆ గడ్డిమోపు విప్పింది నేనే. అయ్యగారు పరవమంటే పరిచా. నీ చీర ముక్కని చూడగానే తెలిసింది. పారేయబుద్ధి కాక గడియకి కట్టా. జబ్బున్న గడ్డి అని నాకు తెలీదు, నా బిడ్డల మీద ఒట్టు. పిల్లలు పోయాక తెలిసింది. నువ్వు వచ్చి ఎత్తుకున్నావని చెప్పమన్నారు. లేపోతే గుడిసె ఖాళీ చెయ్యమన్నారు. ఎక్కడికి పోతామే మేము? నన్ను తిట్టు. కొట్టు."

సుసన్నా తిట్టలేదు. టబ్బులో నీళ్లు తగ్గాయని లోపలికి వెళ్లి చెంబుతో తెచ్చి పోసింది. పౌడరు కలిపింది. నాకైతే లేచి పున్నమ్మను నాలుగు మాటలు అనాలని ఒళ్లు మండిపోతోంది. ఆమె నన్ను చూసి వద్దన్నట్టు తలూపింది.

"ఆయనన్నందుకు నాకేం బాధ లేదు పున్నమ్మా. ఆయన తోబుట్టువంటే నమ్మాను, అది నా తెలివితక్కువ. నువ్వెప్పుడూ ఆ మాట అనలేదు. నీకు అనాల్సిన పనే లేదనుకున్నా" అంది.

పున్నమ్మ పిల్లను గుండెకి అదుముకుంది.

"దీనికి ఇంక భయం లేదు. ఆ గది నేల బ్లీచింగ్‌తో కడుగు, గడ్డి నువ్వే నిలబడి కాల్చు. ఏడాది దాకా కొత్త పిల్లను తోటలోకి తేకండి. నల్లది మళ్లీ ఈనితే ఆరు వారాలకి టీకా వేయించు, మర్చిపోకు. వేయించావంటే నా గుమ్మం ఎక్కాల్సిన పనుండదు నీకు."

సుసన్నా ఇంకేదైనా అంటుందేమోనని పున్నమ్మ చూసింది. సుసన్నా టబ్బు వైపు చూపించింది.

"కాళ్లు ముంచి వెళ్లు" అంది.