గవరయ్య జాయింటు

గవరయ్య పని బాగుంటే ఎవరికీ కనపడదు. జిప్సం బోర్డులు గోడకు బిగించాక వాటి మధ్య సందులు పూడ్చడం అతని పని. సందులో పుట్టీ కూరాలి, పగలకుండా మీద టేపు అతికించాలి, ఒక పూత వెయ్యాలి, పూర్తిగా ఆరనిచ్చి మర్నాడు రెండో పూత వెయ్యాలి. గోడంతా నునుపు చేసేది ఆ తర్వాతే. చివర్లో రంగులవాడు వచ్చి మెప్పంతా పట్టుకుపోతాడు. రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో ఇరవై ఏళ్లుగా ఇదే వరస.

అయినా 'గవరయ్య జాయింటు పగలదు' అనే మాట ఒకటుంది. దాన్ని పుట్టించింది చాలావరకు గవరయ్యే.

మృత్యుంజయబాబు అనే రిటైరైన మాస్టారి ఇంట్లో, నిరుడు గవరయ్య చేసిన హాలు గోడ చీలింది. మాస్టారు అతన్ని తిట్టడానికి పిలవలేదు. కారణం రేవు లారీలని ఆయన ఎప్పుడో తేల్చేశారు. వాటి మీద పదకొండు ఫిర్యాదులు రాశారు. గవరయ్యను పిలిచింది ఆ పగులు పూడ్పించి, మేడ మీద మూడు గదులు అప్పగించడానికి. అంటే రెండు నెలల పని. వానాకాలంలో అంత పని దొరకడం మాటలు కాదు.

గవరయ్య పగులు చూశాడు. పైనుంచి కిందకి స్కేలు పెట్టి గీసినట్టుంది. లారీల అదురుకైతే అటూ ఇటూ పోవాలి. బ్లేడుతో గీకాడు. లోపల టేపు లేదు. నిరుడు ఆ ఒక్క సందు దగ్గర టేపు అయిపోయింది. ఎండగా ఉందని దుకాణానికి వెళ్లడానికి బద్ధకించాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

"లారీలే కదా?" అన్నారు మాస్టారు బెంగాలీలో, పన్నెండో ఫిర్యాదుకు కాగితం తీస్తూ.

"కాదు దాదా. టేపు వెయ్యలేదు. తప్పు నాది," అన్నాడు గవరయ్య, అతనూ బెంగాలీలోనే.

మాస్టారికి కోపం వచ్చింది. "మరి నేను పదకొండు ఉత్తరాలు ఎందుకు రాసినట్టు?" అన్నారు.

గవరయ్య మళ్లీ బ్లేడు తీసుకున్నాడు. సందు తెరిచి, టేపు అతికించి, మొదటి పూత వేసి ఇంటికొచ్చాడు.

సాయంత్రానికి మేడ మీద పని పక్కపేట మెటియాబ్రుజ్ మేస్త్రీకి ఇచ్చారని తెలిసింది. ఆ మేస్త్రీ గోడ చూసి, లారీలేనన్నాడట. గవరయ్యకు చాలా బాధ వేసింది.

"లారీలే అనీసి ఊరుకుంటే నీ సొమ్మేటి పోనాది?" అంది భార్య అప్పలకొండమ్మ.

"లోపల టేపు నేదే. నాను సూసీసినాను కదా."

మర్నాడు పొద్దున్నే పుట్టీ డబ్బా పట్టుకుని చెప్పులేసుకున్నాడు.

"మల్లీ ఆళ్లింటికేటి?"

"రెండో పూత ఉండిపోనాది," అన్నాడు గవరయ్య.