సెలవు చీటీలో రాసిన మొక్కలు

ఫెలోషిప్ కొత్తగా చేతికొస్తున్న ఆ రోజుల్లో, ఏ పనైనా ముందుగా కాగితం మీద గళ్ళు గీసుకుంటే సజావుగా జరిగిపోతుందని నాకొక గట్టి నమ్మకం ఉండేది. (ఇప్పుడు గళ్ళ కాగితం కనబడితే ముందు తలనొప్పి మాత్ర కోసం వెతుక్కుంటాను.) నాకప్పుడు ఇరవై అయిదేళ్ళు. యూనివర్సిటీలో వృక్షశాస్త్రంలో పరిశోధన, తార్నాకలో రెండు గదుల అద్దె ఇల్లు, ఆ ఇంట్లో అమ్మ, నాయిన, చెల్లె, నాయినమ్మ. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. నాయిన మా క్యాంపస్‌లోనే పంపు ఆపరేటర్. రోజూ పొద్దున్నే సైకిలు మీద పోయి హాస్టళ్ళకు నీళ్ళు వదలడం ఆయన ఉద్యోగం. ఎక్కడికైనా తీసుకుపొమ్మని ఎప్పుడడిగినా, "నేను పోతే హాస్టల్ పిల్లలు మొకాలు దేంతోని కడుగుతరు?" అనేవాడు. దాంతో మా కుటుంబం చేసిన ప్రయాణాలన్నీ పెళ్ళిళ్ళకూ చావులకూ మాత్రమే అయ్యాయి. ఊరికే, ఏ పనీ లేకుండా, సంతోషం కోసం బయలుదేరడమన్నది మా ఇంట్లో ఎవరూ ఎరగరు.

ఈ చరిత్రను మార్చే బాధ్యత ఇంటి పెద్దపిల్లనైన నా మీద పడింది. పడేసింది నాయినమ్మ. మోకాళ్ళ నొప్పులకు డాక్టరు దగ్గరికి పోయి వస్తున్నప్పుడల్లా మా ఆటో సిగ్నల్ దగ్గర ఆగేది, ఎదురుగా ఒక పెద్ద ప్రకటన బొమ్మ ఉండేది. నగర శివార్లలోని థీమ్ పార్కు రిసార్టుదది. అందులో ఒక కుటుంబం మొత్తం నోళ్ళు తెరిచి నీళ్ళలోకి జారుతూ ఉంటుంది. ఒకరోజు నాయినమ్మ దాన్ని చాలాసేపు చూసి, ఆపరేషను చేసి మోకాళ్ళు మార్చకముందే అక్కడికి ఒకసారి పోవాలని ఉందని, ఎవరితోనో అంటున్నట్టు మెల్లగా అంది. నాయినమ్మ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమే రంగు పెన్సిళ్ళు తీశాను. రెండు రోజులు, ఒక రాత్రి బస. ఏ ఆట ముందు, ఏది తరువాత, ఎవరి పక్కన ఎవరు, అన్నీ గళ్ళల్లోకి ఎక్కించాను.

మల్కాజ్‌గిరిలో ఉండే మా మేనత్తకు సంగతి ఎట్లా తెలిసిందో ఇప్పటికీ తెలియదు. ఆమె, మామ, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు మా పట్టికలోకి వచ్చి కూర్చున్నారు. అక్కడి నుంచి నా పతనం మొదలైంది. ఆదివారం జనం తొక్కిడి అని అత్త వద్దంది. శనివారం ఆమెకు ఉపవాసం. శుక్రవారం అమ్మకు పెళ్ళి జాకెట్లు. అమావాస్య దగ్గర పడితే ఎవరూ కదలరు. నాయినకు బదులు పంపు చూసే మనిషి సోమ, మంగళవారాలే దొరుకుతానన్నాడు. ఆ రోజుల్లోనేమో చెల్లెకు పరీక్షలు. నేను గీసిన మొదటి పట్టిక చెరిపితే రెండోది, రెండోది చింపితే మూడోది. బయటి తిండి లోపలికి రానివ్వరని చెబితే, అట్లయితే సకినాలు చీర కుచ్చిళ్ళలో పెట్టుకుని వస్తానని అత్త హామీ ఇచ్చింది. అన్నింటికంటే పెద్ద దెబ్బ అమ్మ కొట్టింది. చీరలతో నీళ్ళలోకి దిగనివ్వరని నేను నోరు జారి చెప్పాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు బజారుకు పోయి చిలకాకుపచ్చ నైలాన్ గుడ్డ తాను మొత్తం తెచ్చి, కుటుంబంలో అందరికీ, నాయినకూ మామకూ సహా, మెడ దాకా కాలరు, మణికట్టు దాకా చేతులు, చీలమండ దాకా పంట్లాము ఉన్న ఈత దుస్తులు కుట్టేసింది. (ఒక జేబు కూడా. ఎందుకమ్మా అంటే, దస్తీ పెట్టుకోవడానికంది.) గుడ్డ మిగిలిందని అదనంగా ఇంకొకటి కూడా కుట్టి మడతపెట్టింది.

చివరికి వానలు వెనకబట్టాక, చెల్లె పరీక్షలు అయిపోయాక, ఒక సోమ, మంగళవారాలు అందరికీ కుదిరాయి. ఒక్క నాకు తప్ప. మా గైడు మేడం సెలవు ఇవ్వదు. ఆమెను వెనకాల అందరం ఉత్తరేణి మేడం అనేవాళ్ళం. ఉత్తరేణి గింజలు బట్టకు పట్టుకుంటే వదలవు కదా, ఆమె చూపూ అంతే. జ్వరమని చెప్పినవాడిని కూడా థర్మామీటరుతో సహా రమ్మన్న మనిషి. ఆమె ఒప్పుకునే సెలవు ఒక్కటే, మొక్కల సేకరణకు ఫీల్డుకు పోవడం. అందుకని నేను, జీవితంలో ఏనాడూ పచ్చి అబద్ధం రాయని నేను, నగర శివార్లలోని రాతి గుట్టల మధ్య పెరిగే కలుపు మొక్కలను రెండు రోజులు సేకరించబోతున్నానని ఒక చీటీ రాసి ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. అద్దాలు తీసింది. ఆమె దగ్గర చేరిన రెండేళ్ళలో మొదటిసారి నన్ను చూసి నవ్వింది.

"వెరీ గుడ్. ఆ వైపు ఎవరూ సరిగా కలెక్ట్ చెయ్యలేదు. నేను కూడా వస్తున్నా. బండి ఎన్నింటికి?"

నా నోటి నుంచి "ఏడింటికి మేడం, తార్నాక మెట్రో స్టేషన్ కింద" అని ఎవరో అన్నారు. ఆ ఎవరో నేనే.

ఇంట్లో చెబితే అత్త ఫోనులోనే గుండె పట్టుకుంది. అప్పటికే ఆమె ప్రయాణం సంగతి కాలనీ అంతా చాటించింది, ఇప్పుడు ఆగితే పరువుండదు. నాయిన మాత్రం అన్నం తిని చేయి కడుక్కొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మేడం గా డిపార్ట్‌మెంట్ల చదువుకునేటప్పటి సంది నాకు ఎరుక. ఒక్కనాడు గూడ 'ఏయ్' అని పిలువలే. అన్నా అంటది. గసోంటి మనిషికి అబద్ధం రాసిచ్చినవా? రేపు పోయి నిజం చెప్పు."

పోయాను. మొదటిరోజు ఆమె క్లాసులో ఉంది. రెండోరోజు, చూడని మొక్కను చూసినట్టు రికార్డులో రాసిన ఒక సీనియర్‌ను నిలబెట్టి కడుగుతోంది. గుమ్మం దాకా వచ్చిన నా కాళ్ళు వాటంతట అవే వెనక్కి తిరిగాయి. మూడోరోజు లోపలికి పోయేసరికి, ఆమె తన విద్యార్థి దశ నాటి, ఏరిన మొక్కలు వేసుకునే రేకు పెట్టెను నూనె గుడ్డతో తుడుస్తోంది. తుప్పు పోయిన చోటల్లా మెరుస్తోంది. తల ఎత్తకుండానే, తనను ఫీల్డుకు ఎవరూ పిలవరనీ, తను వస్తే పిల్లలు భయపడతారని తనకు తెలుసనీ, రిటైరయ్యేలోపు ఒకసారి ఇట్లా పోతాననుకోలేదనీ చెప్పింది.  పెట్టె బాగుంది మేడం అని మాత్రమే చెప్పి బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని, వచ్చే వారం ఆమె సంతకం పెట్టాల్సిన నా ఫెలోషిప్ రిపోర్టును తలుచుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆ సోమవారం పొద్దున మెట్రో మెట్ల కింద మేము నిలబడిన తీరు తార్నాక ఇంకా మరచిపోయి ఉండదు. తెలియని చోట బట్టలు మార్చుకోవడం ఎందుకని అత్త అందరికీ ఆ నైలాన్ దుస్తులు ఇంట్లోనే తొడిగించింది. ఒక్క నాయినమ్మ తప్ప, ఆమె చీర వదలనంది. మిగిలిన మేమంతా అద్దెకు మాట్లాడిన బండి పక్కన చిలకాకుపచ్చలో వరుసగా, చేతుల్లో గాలి ట్యూబులు, సద్ది గిన్నెలు పట్టుకుని ఉన్నాము. బస్సుల్లో నుంచి జనం తొంగి చూశారు. అప్పుడు ఒక ఆటో వచ్చి ఆగింది. గుడ్డ టోపీ, బూట్లు, భుజానికి రేకు పెట్టె, చంకలో మొక్కలను అదిమే చెక్క చట్రం. మేడం దిగి, మమ్మల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, వీళ్ళంతా ఎవరని అడిగింది.

నేను, "మొక్కల పేర్లు చెప్పడానికి వస్తున్న స్థానికులు మేడం" అన్నాను. (ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ ఒంటరిగా ఉన్నా మొహం దాచుకుంటాను.) మేడం నాయినమ్మ వైపు తిరిగి, ఎక్కడికి పోతున్నారమ్మా అని మర్యాదగా అడిగింది.

"నీళ్ళల్ల ఆడుకునేతందుకు పోతున్నం బిడ్డా," అంది నాయినమ్మ. "నువ్వు గూడ వస్తున్నవా? మంచిగైంది."

మెట్రో ఒకటి మా తలల మీదుగా పోయింది.  అప్పటిదాకా మామ వెనక నిలబడి మేడంకు కనబడని నాయిన ముందుకు వచ్చి, ఆ పచ్చ దుస్తుల్లోనే చేతులు కట్టుకుని, "తప్పయింది మేడం. పిల్ల మూడుసార్లు వచ్చింది, చెప్పలేకపోయింది. మేము ఇంటికి పోతం" అన్నాడు. మేడం ఆయన వంక, తరువాత నాయినమ్మ మోకాళ్ళకు కట్టిన పట్టీల వంక చూసింది. బండి తలుపు తానే తీసి, "ఎక్కండన్నా, లేటయితది" అంది. నాయినమ్మ పక్కన కూర్చుంది. నాతో మాత్రం ఒక్క మాటే: "చీటీలో ఏం రాసినవో అదే చేస్తవ్."

చేశాను. నాయినమ్మ తప్ప మా వాళ్ళంతా పార్కు గేటులోకి పోయారు. నేను గోడ బయట, పార్కింగుకూ గుట్టకూ మధ్య బీడులో, ఎండలో, చిలకాకుపచ్చ నైలాన్‌లో, వంగి మొక్కలు పీకాను. గోడ అవతల జారుడుబండల మీద నుంచి కేకలు వినబడుతుంటే అందులో అత్త గొంతు విడిగా తెలిసేది. ఒక చెట్టు నీడన మేడం, నాయినమ్మ కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. కొద్దిసేపు ఉండి లోపలికి పోదామన్న నాయినమ్మను నేను తెచ్చిన మొదటి మొక్కే ఆపేసింది. మేడం దాని శాస్త్రీయ నామం చెప్పింది. నాయినమ్మ నవ్వి, "గింత మొక్కకు గంత పొడుగు పేరా? ఇది తుమ్మి. కూర వండుకుంటం" అంది. ఆ తరువాత నేను తేవడం, నాయినమ్మ పేరు చెప్పడం, మేడం రాసుకోవడం. గలిజేరు, నేల ఉసిరి, పల్లేరు, గునుగు. ఏది పశువులు తింటాయో, ఏది తింటే కడుపు ఉబ్బుతుందో, ఏది పుండుకు కడతారో, పొలంలో అరవై ఏళ్ళు కలుపు తీసిన మనిషి చెబుతూ పోయింది. ఒక మొక్క దగ్గర ఇద్దరూ వాదులాడుకున్నారు. నాయినమ్మ ఆకు నలిపి వాసన చూపించింది. మేడం ముక్కు దగ్గర పెట్టుకుని, తను రాసుకున్నది కొట్టేసింది. ఆమె కొట్టేయడం నేను చూడటం అదే మొదలు.

నాలుగు గంటలకు మేడం లేచి, ఇక ఈమెను లోపలికి తీసుకుపోతానంది. నేనూ లేచాను. అంతలో రెండు మేకలు వచ్చి, పొద్దుటి నుంచి నేను పోగుచేసిన వాటిలో ఒక కట్టను నమిలేశాయి. "నువ్వు ఇక్కడ ఉండి వీటిని చూడు" అని చెప్పి ఆమె నాయినమ్మ చేయి పట్టుకుని గేటులోకి పోయింది. తరువాత చెల్లె ఫోనులో చూసిన ఫొటోను బట్టి జరిగింది ఇది: అమ్మ అదనంగా కుట్టిన ఆ దుస్తులు మేడంకు సరిగ్గా సరిపోయాయి. అలల కొలనులో మా వాళ్ళందరితోబాటు ఆమె కూడా చిలకాకుపచ్చలో, జుట్టు ముఖానికి అంటుకుని, నోరు తెరిచి నిలబడి ఉంది. గట్టు మీద నాయినమ్మ, చీర మోకాళ్ళ దాకా ఎత్తి, కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చుని ఉంది. నేనూ మేకలూ ఆ ఫొటోలో లేము.

ఆ రాత్రి బస చేసిన గదిలో చట్రంలో అదిమిన మొక్కల మధ్య తడిసిన కాగితాలు మారుస్తూనే నాకు తెల్లవారింది. మర్నాడు మేడం దయ తలచి, కాగితాల సంగతి తను చూసుకుంటాననీ, మధ్యాహ్నం దాకా నన్ను ఆడుకొమ్మనీ పంపింది. గేటు దాటాను. మా వాళ్ళు ఒళ్ళు నొప్పులని ఎవరూ రాలేదు. పెద్ద జారుడుబండ దగ్గర పొడవాటి వరుస కనబడింది. ఒక్క నిమిషం కూర్చుని పోదామని పిల్లల కోసం కట్టిన ఒక సిమెంటు పుట్టగొడుగు కింద కూలబడ్డాను. నాయిన వచ్చి భుజం తట్టి లేపేసరికి బండి హారను కొడుతోంది. నేను చూసిన థీమ్ పార్కు అంతా ఆ పుట్టగొడుగు లోపలి వైపే. దానికి ఎర్ర రంగు వేశారు, అక్కడక్కడ పెచ్చులూడింది. తిరుగు ప్రయాణమంతా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూ వచ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను కానీ, మేడం ఏమీ అనకుండా తన టోపీ తీసి నా ఒళ్ళో పడేసింది, మొహం కప్పుకోమన్నట్టు.

ఫెలోషిప్ రిపోర్టు మీద ఆమె సంతకం పెట్టింది. పెడుతూ, ఆ మొక్కల మీద వ్యాసం రాసి తెమ్మంది. ఎనిమిదిసార్లు తిప్పి రాయించింది. ఒక చిన్న పత్రికలో అచ్చయిన ఆ వ్యాసమే నా మొదటి ప్రచురణ. అచ్చయ్యేనాటికి నాయినమ్మకు ఆపరేషను అయింది, మంచం మీద ఉంది. మొక్కల వాడుక పేర్లు చెప్పినందుకు కృతజ్ఞతలని చివర ఉన్న ఆమె పేరు మీద వేలు పెట్టి చూపించాను. ఆ అక్షరాలను నిమిరి, మిగతా అంతా ఏం రాసినవో చదువుమంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ పోయాను. ఓపికగా విన్నది.

"నేను నీళ్ళల్ల కాళ్ళు పెట్టి కూసున్నది రాసినవా?"

రాయలేదన్నాను. అట్లాంటివి అందులో రాయరని చెప్పాను.

"మల్ల గదే గద అసలు ముచ్చట" అని అటు తిరిగి పడుకుంది.

 ఇరవై అయిదేళ్ళ ఆ పిల్లకు ఆ రోజు నాయినమ్మ మాట సరిగా అర్థం కాలేదు. ఆ పిల్ల లోపలికి వెళ్ళి, పత్రికలో తన పేరు ఎంత పెద్దగా పడిందో మరోసారి చూసుకుంది.