చక్రాల ఓడ

తడిసిన టేకు వాసన తగిలితే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

పటాన్‌చెరుకు ఫ్యాక్టరీలు కొత్తగా వస్తున్న రోజుల్లో కోస్తా నుంచి వచ్చిన సరళ వాళ్లు మా పక్కింట్లో ఉండేవాళ్లు. వాళ్ల నాన్న సన్నటి టేకు బద్దలను వేడినీళ్లలో నానబెట్టి, మెల్లగా వంచి, బొమ్మ ఓడకు పక్కలు అతికించేవాడు.

“నాగ్గూడ ఓడ గావాలె,” అని మా నాయనను సతాయించాను.

“ఓడంటే ఏంది బిడ్డా?” అన్నాడు.

“మనుషులు కూసొని దూరం పోతరు.”

సముద్రం చూడని నాయన తుమ్మచెక్కను బాడిసెతో చెక్కి, కింద చక్రాలు బిగించి, తాడు కట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

సరళ చూసింది. “మాది నాన్న ముట్టుకోనివ్వరు. ఇదైతే లాక్కెళ్లొచ్చుగా! మార్చుకుందామా?” అంది.

వెక్కిరిస్తోందనుకుని ఆమెతో మాట్లాడటం మానేశాను.

అలా అడుగుతున్నంతసేపూ ఆమె నా ఓడ తాడు చేతిలోంచి వదల్లేదని ఇప్పుడు గుర్తొస్తోంది.