లిడియా భట్టీకి రెండోసారి కట్టిన చిమ్నీ

గోదావరిఖనిలో ఆమోసు బాగుచేసిన చిమ్నీలోంచి వచ్చే పొగ, బయటికి రాగానే ఆయన ఇల్లెక్కడుందో చూసుకుని, అటు తల వంచి మరీ పైకి పోయేది. సరే, తల వంచడానికి గాలి కాస్త సాయం చేసి ఉండొచ్చు. పైకి పోయిన మాట మాత్రం నిజం.

ఆమోసు బొగ్గుబాయిలో, అంటే గనిలో, మేస్త్రిగా చేసి రిటైరయ్యాడు. కింద బొగ్గు అంటుకున్నప్పుడు ఆ దారికి అడ్డంగా ఇటుక గోడ కట్టి, గాలి చొరబడకుండా మూసేయడం ఆయన పని. సిమెంటు దండిగా కలపాలి, గోడ రాయిలా బిగిసిపోవాలి. ఆయనకు తెలిసిన గొప్పతనం అదే.

తెలంగాణ బందులతో బజారు ఎప్పుడు తెరుస్తారో తెలియని ఆ డిసెంబరులో, మరదలు లిడియా బేకరీ చిమ్నీ పగిలింది. పొగంతా పక్కింటి రాయమల్లు వంటింట్లోకి పోతోంది. క్రిస్మస్ వారంలో కాలనీ ఆడవాళ్లు మైదా, గుడ్లు, చక్కెర కలిపిన గిన్నెలు తెచ్చి లిడియా భట్టీలోనే కేకులు కాల్పించుకుంటారు. ఆ వారం పోతే ఆమె ఏడాదంతా రొట్టెలమ్మినా తేరుకోలేదు.

"బాయిల మంటనే ఆపినోణ్ని, నీ రొట్టెల పొయ్యి ఒక లెక్కనా?" అంటూ ఆమోసు సిమెంటు దట్టించి అతుకులన్నీ నింపాడు. నున్నగా, చూడముచ్చటగా వచ్చింది. భట్టీ నాలుగు పూటలు మండిందో లేదో చిమ్నీ మళ్లీ పగిలింది. ఈసారి ఇటుక పెళ్లలు రాలి పిండి గిన్నెలో పడ్డాయి.

"బావా, కేకుల కిస్మిస్ ఎయ్యాలె గానీ ఇటుకలు ఎయ్యొద్దు," అంది లిడియా. నవ్వుతూనే అంది గానీ కళ్లు తడిగా ఉన్నాయి.

ఆమోసు నిచ్చెనెక్కి పగుళ్ల మీద వేలు పెట్టి చూశాడు. సిమెంటు చెక్కుచెదరలేదు. దాని పక్కన ఇటుకలే చీలాయి. పాత ఇటుక వేడికి ఉబ్బుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. దాన్ని మెసలనివ్వకుండా బిగించింది తనే. బాయిలో గోడ దేన్నీ కదలనివ్వకూడదు. ఇక్కడ కదలనివ్వాలి.

మర్నాడు పొద్దున, షిఫ్టుకు పోయేవాళ్లంతా చూస్తుండగా, తన పనిని తనే ఉలితో చెక్కేయడం మొదలుపెట్టాడు.

"ఏంది కాకా, మొన్న కట్టి ఇయ్యాల కూలగొడ్తున్నవ్? చేతులు ఊకుంటలేవా?" గోడ మీంచి అడిగాడు రాయమల్లు.

"తప్పు కట్టిన. నీ ఇంట్ల సున్నం ఉన్నదా?"

రాయమల్లు గోడ దిగాడు. గోడలకు వేద్దామని నానబెట్టుకున్న సున్నం డ్రమ్మును తనే దొర్లించుకొచ్చాడు. "నా ఇంట్లకు పొగ రాకుంటే చాలు, మొత్తం తీస్కో."

మంట తగిలే కింది వరసలకు ఆమోసు పుట్టమన్ను జల్లించి ఇటుక పొడి కలిపాడు. వానకు తడిసే పైభాగానికి సున్నం, ఇటుక పొడి, ఇసుక. సిమెంటు చిటికెడు కూడా లేదు. వెంటనే చిమ్నీకి పెట్టలేదు. పాళ్లు మార్చి మార్చి కలిపి, ఒక్కో కలుపుతో రెండేసి ఇటుకలు అతికి, ఆరబెట్టి, భట్టీ పక్కన కాగనిచ్చాడు. సున్నం ఎక్కువైనది బీటలిచ్చింది. ఇసుక ఎక్కువైనది వేలితో గీకితే రాలింది. రెండూ పారేసి, నిలబడ్డ కలుపునే పైకి తీసుకుపోయాడు.

"జల్ది కానియ్ బావా, గిన్నెలు వస్తున్నయ్!"

"రానియ్. గిప్పుడే పెద్ద మంట పెడితె మళ్ల మొదటికొస్తది."

పుల్లలతో చిన్న మంట, మర్నాడు ఇంకాస్త. లిడియా ఆగలేక మొద్దులు తేబోతే, ఆ మొద్దుల మీదే ఎక్కి కూర్చున్నాడు. పని వచ్చినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. తన పని తప్పని పదిమందిలో ఒప్పుకుని, మళ్లీ కట్టి, ఆరేదాకా కాపలా ఉన్నవాడు ఒక్కడే.

క్రిస్మస్ వారం భట్టీ ఆరలేదు. పొగ రాయమల్లు ఇంటివైపు తొంగిచూడలేదు. గిన్నె పట్టుకుని వరసలో రాయమల్లూ నిలబడ్డాడు.

పండగనాడు లిడియా కేకులు పంచుతూ చుట్టాలకు ఇదంతా మెచ్చుకుంటూ చెబుతుంటే, ఆ పొగడ్తకు సిగ్గుపడ్డ ఆమోసు నోట్లో కేకు మింగకుండానే అడ్డుపడ్డాడు.

"అంతా అబద్ధం. నేను సిమెంటు పెట్టలే, కూలగొట్టలే. అసలు ఆ చిమ్నీని నేను ముట్టనే లే!"