యాసిడ్‌లో నీళ్ళు పోసినవాడు

నేను ప్రొద్దుటూరు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరేటప్పటికే ల్యాబ్ అటెండర్ రిటైరై వెళ్ళిపోయాడు. ఆ పోస్టులో ఇంకొకరిని వేయించమని అడిగినప్పుడల్లా "పైకి రాసినామమ్మా" అనేవారు ప్రిన్సిపాల్. పైన ఎవరున్నారో, రాసింది వాళ్ళు చదివారో లేదో నాకు తెలియదు. పొద్దున్నే జమ్మలమడుగులో బస్సెక్కి వచ్చి, కొంగు నడుముకు దోపుకొని, నిన్నటి బ్యాచ్ వదిలిపోయిన టెస్ట్‌ట్యూబులన్నీ నేనే కడిగేదాన్ని. బ్యూరెట్లు బిగించేది నేనే, ద్రావణాలు కలిపేది నేనే, గ్యాస్ పోతే పరుగెత్తేది నేనే. ఒక రోజు విసుగు పుట్టి, డిగ్రీ పిల్లల్లోనే కొందరికి పని నేర్పి సహాయకులుగా పెట్టుకుంటానని ప్రిన్సిపాల్‌కు చెప్పాను. పని చేసినవాళ్ళకు చివర్లో అనుభవ పత్రం ఇస్తామన్నారాయన. నేను నోటీసు బోర్డు మీద కాగితం అంటించాను.

అవి ఫ్యాక్షన్ రోజులు. కెమిస్ట్రీ ల్యాబ్ అనగానే ఆ చుట్టుపక్కల చాలామందికి గుర్తొచ్చేది ఒకటే. శిక్షణ మొదలుపెట్టిన రోజే వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "మేడమ్, బాంబుల మందు గూడా నేర్పిస్తారా?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

"లేచి బయటికి పో" అన్నాను.

నేనూ సరదాకే అంటున్నాననుకొని వాడు నవ్వుతూ నిలబడ్డాడు. తలుపు తెరిచి పట్టుకున్నాను. వాడు వెళ్ళేదాకా అట్లాగే పట్టుకొని నిలబడ్డాను.

ఆ మాటకు నవ్వనివాడు ఒక్కడే. తొండూరు దగ్గర పల్లె వాడిది, గొర్రెలు మేపుకునే కుటుంబం. హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. వాడి చిన్నాయనకు కుడిచెయ్యి మణికట్టు దాకా లేదని నాకు తర్వాత తెలిసింది. ఆ బ్యాచ్‌లో నాకు బాగా చేతికందివచ్చిన ఇంకొకరు ప్రొద్దుటూరు అమ్మాయే. వాళ్ళ నాన్న కువైట్‌లో డ్రైవరు, వాళ్ళమ్మ ఇంట్లో మిషను కుట్టేది. చూపించిన పని వెంటనే చేసేది కాదు ఆ పిల్ల. ముందు ఎందుకని అడిగేది.

నేను ముందు కడగడం నేర్పాను. గాజు నిజంగా శుభ్రమైతే నీళ్ళు దాని మీద బొట్లు బొట్లుగా నిలవవు, పల్చటి పొరలా జారిపోతాయి. అలా జారేదాకా కడగాలి. ద్రావణం కలపగానే సీసా మీద పేరు రాయాలి, తర్వాత రాద్దాం అనకూడదు. ఏదీ ముక్కు దగ్గర పెట్టి వాసన చూడకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, యాసిడ్ పలచన చేసేటప్పుడు నీళ్ళలో యాసిడ్ పోయాలి. కొంచెం కొంచెంగా, గాజుకడ్డీ మీదుగా, కలుపుతూ. యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు.

"పోస్తే ఏమైతాది మేడమ్?" అంది ఆ అమ్మాయి.

"ఒక్కసారిగా మరిగి మొహమ్మీదికి ఎగురుతుంది."

"కాలితే?"

"నీళ్ళు. ఆగకుండా నీళ్ళు. ఇంకేమీ రాయొద్దు."

ఆ మాట విన్నాక, ల్యాబ్ కొళాయిలో పొద్దున కాసేపే నీళ్ళొస్తాయి కదా, మధ్యాహ్నం కాలితే ఏం చేయాలని అడిగింది. మర్నాటికి ఆ అమ్మాయీ తొండూరు పిల్లవాడూ క్యాంటీన్ వెనక పడున్న పాత ప్లాస్టిక్ డ్రమ్ము దొర్లించుకొచ్చి, కడిగి, నింపి, ల్యాబ్ మూలన పెట్టారు. కళ్ళకు పెట్టుకునే అద్దాలు కాలేజీ కొనదని తేలిపోయాక, బస్టాండు దగ్గర వెల్డింగ్ షాపులో గ్రైండింగు రాయితో ఇనుము అరగదీసేవాళ్ళు వాడే తెల్ల అద్దాలు నేనే కొనుక్కొచ్చాను. కొన్ని నెలల్లో ల్యాబ్ ల్యాబ్‌లా తయారైంది. వాళ్ళు ఉదయం ఏం చేయాలో నన్ను అడగడం మానేశారు.

అప్పుడు ఎన్నికలొచ్చాయి.

గెలిచిన పార్టీలో మా వైపు పెద్ద నాయకుడికి ఒక మేనల్లుడు ఉండేవాడు. సింహాద్రిపురం వైపు వాడు, మా కాలేజీలోనే ఫైనలియర్. జీపులో వచ్చి జీపులో పోయేవాడు, క్లాసులో ఎప్పుడో గాని కనిపించేవాడు కాదు. ఒక రోజు ప్రిన్సిపాల్ పిలిచి, అతన్ని కూడా ల్యాబ్ సహాయకుల్లో చేర్చుకోమన్నారు.

"శిక్షణకు రావాలి సార్" అన్నాను.

"ఎందుకమ్మా అవన్నీ? ఆయబ్బికి సర్టిఫికెట్టు కావాల, అంతే. రోంత చూసీచూడనట్టు పోవాల. ఆయప్ప మాట కాదంటే రేపు ఈ గేటు కాడ ఏం జరుగుతాదో నీకు ఎరికే గదా."

"శిక్షణ లేనివాడు నా ల్యాబ్‌లో చెయ్యి పెట్టడానికి వీల్లేదు సార్."

"నీ ల్యాబా?" అన్నారు ప్రిన్సిపాల్. అంతటితో మాట ముగిసింది. మెట్లు దిగేటప్పుడు ఎవరైనా నా మొహం చూస్తారేమోనని తల వంచుకొని నడిచాను.

ఆ మేనల్లుడు శిక్షణకు ఒక్కనాడూ రాలేదు. ఎప్పుడైనా వస్తే స్నేహితుల్ని వెంటేసుకొని వచ్చి, బల్ల మీదెక్కి కూర్చొని సీసాలు తీసి చూసేవాడు. దిగమంటే దిగేవాడు. నేను వెనక్కి తిరిగితే మళ్ళీ ఎక్కేవాడు.

ప్రాక్టికల్ పరీక్షల ముందు వారం ఆ నాయకుడికి కాలేజీలో సన్మానం పెట్టారు. లేడీ లెక్చరర్లు హారతి పళ్ళెంతో గుమ్మంలో నిలబడాలని ప్రిన్సిపాల్ కబురు పంపారు. రానన్నాను. రెండోసారి ఆయనే స్వయంగా వచ్చి నిలబడ్డారు. ఇక పోక తప్పలేదు. పరీక్షలకు పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్ కలపడం ఆ పిల్లలిద్దరూ నా ముందర ఎన్నోసార్లు చేసిన పనే. అయినా సీసా ముట్టొద్దు, నేను వచ్చాక కలుపుదాం, అప్పటిదాకా గాజు సామాను సర్దండి అని చెప్పి వెళ్ళాను.

హాల్లో నాయకుడి మెడలో దండలు పడుతుండగా కేక వినిపించింది.

నేను వెళ్ళేసరికి ల్యాబంతా పొగ. ఆ అమ్మాయి డ్రమ్ము పక్కన నేల మీద కూర్చొని ఉంది. తొండూరు పిల్లవాడు మగ్గుతో ఆమె చేతి మీదా మెడ మీదా నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. "కదలాకు పాపా, ఇంగా పోయాల, ఇంగా పోయాల" అంటున్నాడు. ఎవరో లెక్చరరు కొబ్బరినూనె తెచ్చి రాయబోతే అతని చెయ్యి గట్టిగా నెట్టేశాడు. అమ్మాయి కళ్ళకు అద్దాలున్నాయి. అద్దాల మీద యాసిడ్ పడిన చోట మచ్చలు తేలి ఉన్నాయి.

జరిగింది ఆ పిల్లవాడు ఆటోలో చెప్పాడు. మేనల్లుడు ఇద్దరు స్నేహితులతో లోపలికి వచ్చాడు. "మేడమ్ వచ్చిందాక ఎందుకు, మేం కలుపుతాం" అని గాఢ యాసిడ్ బీకరులో పోసి, దాని మీద మగ్గుతో నీళ్ళు గుమ్మరించబోయాడు. ఆ అమ్మాయి వద్దు వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టింది. అయినా పోశాడు. ఎగిరిందంతా ఆ చేతి మీదా మెడ మీదా పడింది. వాళ్ళు బయటికి పారిపోయారు.

ఆటో దొరికేముందు గేటు దగ్గర ఆ మేనల్లుడి జీపు ఆగి ఉంది. అమ్మాయిని పట్టుకొని నేను దాని దగ్గరికే పరుగెత్తాను. డ్రైవరు దిగలేదు. "అన్నను అడగాల మేడమ్" అన్నాడు. బట్టల్లోంచి కారుతున్న నీళ్ళు చూసి, "సీట్లు గూడా కొత్తవి" అన్నాడు. ఆ మాట నా చెవిలో పడినప్పుడు చేతిలో రాయి ఉంటే ఆ జీపు అద్దం పగలగొట్టి ఉండేదాన్ని. లోపల హాల్లో మైకు మోగుతూనే ఉంది, సభ ఆగలేదు.

ఆసుపత్రిలో డాక్టరు, నీళ్ళు అంతసేపు పోయబట్టి యాసిడ్ లోతుగా తినలేదన్నాడు. కుడిచెయ్యి మోచేతి నుంచి వేళ్ళ దాకా, మెడ మీద అరచేతంత కాలింది. వాళ్ళమ్మ మిషను దగ్గర్నుంచి లేచి అట్లాగే వచ్చింది, భుజం మీద కొలత టేపు వేలాడుతోంది. పోలీస్ స్టేషన్‌కు పోదామన్నాను. ఆమె నన్ను పక్కకు తీసుకుపోయి, "ఆయన ఆడ కువైట్‌లో ఉండాడు. ఈడ మేమిద్దరమే మేడమ్. కేసులొద్దు. పాపను పరీక్ష రాయనీండి, సాలు" అంది. అయినా నేను ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడ ఉన్నాయన కుర్చీ చూపించి, టీ తెప్పించి, కాలేజీ లోపలి విషయం కాలేజీలోనే చూసుకోమన్నాడు.

కాలేజీ చూసుకుంది. విచారణ అని ప్రిన్సిపాల్ గదిలో కూర్చోబెట్టారు. ఇద్దరు సీనియర్ లెక్చరర్లు, వాళ్ళ పక్కన కాలేజీకి ఏ సంబంధమూ లేని నాయకుడి మనిషి ఒకడు. మేనల్లుణ్ణి పిలవనే లేదు.

"ఆ పాప చెయ్యి జారి వొంపుకునిందని అందరూ చెప్తాండారు" అన్నారు ప్రిన్సిపాల్.

"అందరూ అంటే ఎవరు సార్? ఆ గదిలో ఉన్నవాళ్ళెవరైనా చెప్పారా?"

"ఆడపిల్లల చేత యాసిడ్ పని చేయించేది మీ తప్పు గాదా అమ్మా?" అన్నాడు నాయకుడి మనిషి.

నేను లేచి నిలబడ్డాను. ఆ పిల్ల ఏం నేర్చుకుందో, మీ వాడు ఏం నేర్చుకోలేదో, ఎవరు బీకరు పట్టుకున్నారో, ఎవరు చెయ్యి అడ్డం పెట్టారో, ఎవరు పారిపోయారో మొత్తం చెప్పాను. గొంతు పెరిగింది. బయట వరండాలో పిల్లలు వింటున్నారని తెలుసు, వినాలనే చెప్పాను. సీనియర్లిద్దరూ బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. వాళ్ళలో ఒకరి కూతురు అదే ల్యాబ్‌లో చదువుతోంది.

తొండూరు పిల్లవాడి వంతు వచ్చింది. అంతకు ముందురోజు వాళ్ళ నాన్న గొంగడి భుజాన వేసుకొని బస్టాండులో నా కోసం కాచుకొని ఉన్నాడు. "మావోడు సూడలేదని చెప్పనీండి మేడమ్. మా జీవాలు ఆయప్ప మనుషుల బీళ్ళల్లో తిరుగుతాండాయి. కాదంటే యాడికి తోలుకుపోయేది?" అన్నాడు. మీవాణ్ణి ఏమీ చెప్పమని నేను అడగనన్నాను. నిజంగానే అడగలేదు.

ప్రిన్సిపాల్ అతనితో మెత్తగా మాట్లాడారు. "నువ్వు అటు తిరిగి సామాను సర్దుతాంటివి గదప్పా. నీకు కనపడి ఉండదు."

"కనపడింది సార్. యాసిడ్‌లో నీళ్ళు పోసింది ఆయనే."

"గమ్మునుండు. ఎవురి పేరు చెప్తాండావో తెలుసునా?"

"నేను పేరు చెప్పలేదు సార్. మీకే తెలుసు."

ఆ సాయంత్రమే హాస్టల్ గదిలోంచి అతని పెట్టె తీసి బయట పెట్టారు. నేను అతన్ని జమ్మలమడుగు మా ఇంటికి తీసుకుపోయాను. పరీక్షలయ్యేదాకా మా ముందుగదిలో ఉన్నాడు. మా అమ్మ మొదటి రోజు నన్ను తిట్టింది, రెండో రోజు వాడికి సంగటి చేసి పెట్టింది. వాళ్ళ గొర్రెల్ని మాత్రం అన్నట్టే బీళ్ళలోంచి తరిమేశారు. వాళ్ళ నాన్న మందను తోలుకొని చక్రాయపేట కొండల వైపు బంధువుల ఊరికి వెళ్ళిపోయాడు.

ప్రాక్టికల్ రోజు ఆ అమ్మాయి కుడిచేతికి కట్టుతో వచ్చింది. వచ్చే ఏడాది రాసుకోమన్నారు ప్రిన్సిపాల్. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు, చేయగలిగితే చేయనివ్వండి అన్నాడు. ఎడమచేత్తో బ్యూరెట్ తిప్పుతూ చేసింది. చెమట కారుతోంది, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. రెండు బల్లల అవతల మేనల్లుడికి ఇంకెవరో రీడింగులు తెచ్చి ఇచ్చారు. అతనికి అనుభవ పత్రం కూడా వచ్చింది. నేను సంతకం పెట్టనంటే ప్రిన్సిపాలే పెట్టారు. ఈ ఇద్దరికీ రాలేదు. సెలవుల్లోనే నన్ను పులివెందులకు బదిలీ చేశారు.

"ప్రొద్దుటూరులో గలాట చేసిన మేడమ్ మీరేనా?" అని అడిగారు అక్కడి ప్రిన్సిపాల్.

"అవును సార్, నేనే."

వయసు పెరిగితే కోపం తగ్గుతుందని నాతో చాలామంది అన్నారు. నాకు తగ్గలేదు. తొండూరు పిల్లవాడు అనంతపురంలో బి.ఇడి. చేసి బడిపంతులయ్యాడు. వాళ్ళ నాన్న మళ్ళీ సొంత ఊరికి రాలేదు. ఆ అమ్మాయి ఎమ్మెస్సీ చేసింది, ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఒక ఆదివారం పులివెందులలో నన్ను చూడ్డానికి వచ్చింది. చేతి మీద చర్మం ముడతలుగా మెరుస్తోంది. నొప్పుందా అని అడిగాను. ఎండాకాలం దురద పుడుతుందంది.

"మేడమ్, ఆ పొద్దు నీళ్ళు పోసినాయన మా ఫ్యాక్టరీకి వచ్చినాడు. లారీల కాంట్రాక్టు కోసం. మా మేనేజరు అన్నీ చూపిస్తా ల్యాబ్‌కు గూడా తోలుకొచ్చినాడు. నా ముందరే నిలబడినాడు."

"ఏమన్నాడు?"

"నా చెయ్యి చూసి, ఏందమ్మా ఇట్ల కాలింది, జాగర్తగా ఉండాల గదా అన్నాడు. గుర్తు పట్టలేదు మేడమ్."

నా నోట్లోంచి ఏదో బూతు వచ్చింది, ఆ పిల్ల ముందర ఎప్పుడూ అననిది. అది విని ఆమె నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసి అంది:

"రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు మేడమ్. పోసినందుకు గాదు. మర్చిపోయినందుకు."